సిగ్నల్ దగ్గర తెలుస్తుంది బండి సంగతి

బుల్లెట్టా? కానూరు నుంచి మంగళగిరికి రోజూ బుల్లెట్ మీదా? ఉండండి వదినగారూ, స్టవ్ కట్టేసి వస్తా. ఇది పిట్టగోడ మీంచి ఒక్క ముక్కలో తేల్చేది కాదు.

ఆఁ, ఇప్పుడు చెప్పండి. పిల్లాడికి ఉద్యోగం వచ్చిందని మీ అన్నయ్యగారు రాత్రే చెప్పారు. చాలా సంతోషం వేసింది. బండి కావాలనడంలో వాడి తప్పేం లేదు. బస్సులో వెళ్లాలంటే బెంజ్ సర్కిల్లో దిగి ఇంకోటి పట్టుకోవాలి, ఆఫీసు టైముకి అది కుదిరే పని కాదు. బండి కొనండి. ఏ బండి అన్నదే నా బెంగ.

వాణ్ణి కూడా పిలవండి. రా నాన్నా, ఇలా గోడ దగ్గరికి రా. నువ్వు వీడియోల్లో చూసినవన్నీ కాదనను. కానీ ఆటోనగర్లో మా స్పేర్ పార్టుల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునేది నేనే కదా. ఏ బండికి ఏది పోయిందో, ఎందుకు పోయిందో మెకానిక్కులు చెబుతుంటే రోజంతా వింటూనే ఉంటాను. ఆఫీసులకు తిరిగే బళ్లకు వచ్చే జబ్బులు చాలావరకు స్పీడు వల్ల వచ్చేవి కావు. ఆగి ఆగి పోవడం వల్ల వచ్చేవి. క్లచ్ ప్లేట్లు అరిగిపోతాయి, క్లచ్ వైరు తెగుతుంది, బ్రేక్ లైనర్లు టైముకి ముందే అయిపోతాయి.

నీ దారి ఒకసారి తలుచుకో. ఇక్కణ్ణుంచి బందరు రోడ్డెక్కి, ఆటోనగర్ గేటు, పటమట దాటి బెంజ్ సర్కిల్ చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఫ్లైఓవర్ ఉంది కదా అంటావేమో, అది హైవే మీద పోయేవాళ్లకి. బందరు రోడ్డు మీంచి వచ్చే మనం కింద ఆగాల్సిందే. అక్కడ ఎడమకి తిరిగి స్క్రూబ్రిడ్జి, ఆ తర్వాత వారధి. వారధి దాటాక తాడేపల్లి నుంచి మంగళగిరి దాకా దారి సాఫీ. కిలోమీటర్లు చూస్తే సగానికి సగం హైవేనే. గడియారం చూస్తే మాత్రం ఎక్కువ సేపు ఫస్టు గేరు, సెకండు గేరు, ఎడం చేతిలో క్లచ్.

షోరూముకెళ్లిన ప్రతి కుర్రాడూ ఎంత స్పీడు పోతుందని అడుగుతాడు. ఆఫీసు బండికి అడగాల్సింది ఎంత నెమ్మదిగా పోగలదని. నిజంగానే చెబుతున్నా నాన్నా. సెకండు గేరులో, మనిషి వడిగా నడిచేంత వేగంలో, హాఫ్ క్లచ్ పట్టకుండా, కొట్టుకోకుండా, ఆగిపోకుండా పోయే బండే ఆ దారికి పనికొచ్చే బండి. ఆర్‌పీఎం తక్కువలో ఉన్నప్పుడే లాగుడు అందాలి. కొన్ని ఇంజన్లు పైకెక్కితేనే ఊపందుకుంటాయి. ఖాళీ రోడ్డు మీద అవి ఎంత హాయో, బెంజ్ సర్కిల్లో అంత బాధ. కింద బలం లేని బండిని హాఫ్ క్లచ్ మీద ఈడ్చుకుంటూ పోతుంటారు. లోపల ప్లేట్లు పూర్తిగా అతుక్కోక, పూర్తిగా విడిపోక రాసుకుంటూ వేడెక్కుతాయి. ఆర్నెల్లు అలా నడిపితే సాయంత్రానికి మణికట్టు పీకడం మొదలవుతుంది, ఆ తర్వాత బండిలో పికప్ పోయిందని మెకానిక్ దగ్గరికి వస్తారు.

అందుకే బుల్లెట్ వద్దంటున్నాను. ఆ బండి మీద నాకేం కోపం లేదు. అరకు ఘాటీ ఎక్కేటప్పుడు దాని మీద కూర్చున్నవాడి సంతోషం నాకు తెలుసు. దాని ఇంజను కింది గేర్లలో బాగానే లాగుతుంది కూడా. తంటా అంతా బరువుతో. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అందులో తేలిక రకమని హంటర్ తీసుకున్నా 181. స్ప్లెండర్ 112 కిలోలు. హోండా వాళ్లు 2023లో తెచ్చిన షైన్ 100 అయితే 99 కిలోలే. క్లాసిక్‌కీ స్ప్లెండర్‌కీ మధ్య తేడా 83 కిలోలు, అంటే నిండైన మనిషి ఒకడు ఎప్పుడూ బండి మీద కూర్చుని ఉన్నట్టే. పోయేటప్పుడు ఆ మనిషి బరువు తెలియదు. సిగ్నల్ దగ్గర కాలు ఇసుక మీద పడ్డప్పుడు తెలుస్తుంది, ఆఫీసు సెల్లార్లో ఇరుక్కున్న బండిని వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది, వారధి మీద పంక్చరయితే చెమటలు కక్కుతూ తోసేటప్పుడు తెలుస్తుంది. రోహిణీకార్తెలో సిగ్నల్ దగ్గర నిలబడితే అంత ఇంజను వేడీ మోకాలి కిందే ఉంటుంది మరి.

సీటు ఎత్తు కూడా అంతే ముఖ్యం. నీ ఎత్తుకి రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి, మునివేళ్లు ఆనితే చాలదు. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్లు, టీవీఎస్ రైడర్ 780. ఆ చుట్టుపక్కల ఉన్నది ఏదైనా నీకు సరిపోతుంది. కాయితం మీద అంకె ఒక్కటే చూసి ఒప్పుకోకు. సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు బయటికి చాపాల్సొచ్చి, అదే ఎత్తులో కూడా పాదం లేచిపోతుంది. చెప్పులతో కాకుండా, ఆఫీసుకి వేసుకునే బూట్లతో కూర్చుని చూడు.

ఏంటి వదినగారూ? అయితే స్ప్లెండర్ కొనేస్తే పోలా అంటున్నారా? దాన్ని మించిన నమ్మకస్తురాలు లేదు. 1994 నుంచి వస్తోంది, అంతకు ముందు 1985లో వచ్చిన సీడీ 100 దానికి పెద్దక్క. దాని చైన్ కిట్టు, బ్రేక్ లైనర్లు, కేబుళ్లు ఏ పల్లెటూరి కొట్లో అయినా దొరుకుతాయి. మీవాడు పటమటలోనో గవర్నరుపేటలోనో పనిచేసేవాడైతే రెండో మాట లేకుండా నూరు సీసీ బండే తీసుకోమనేదాన్ని. కానీ వాడు వారధి దాటాలి. కృష్ణ మీద గాలి పక్కనుంచి కొడుతుంది, వెనక లారీ హారను వేస్తుంటుంది. నూరు సీసీ బండికి ఎనిమిది హార్స్‌పవర్ దాకా ఉంటుంది. అరవైలో పోతున్నప్పుడు పక్కకి తప్పుకుని ముందుకు పోవాలంటే దాని దగ్గర మిగులు బలం కొంచెమే. 125 బండికి పది నుంచి పదకొండున్నర దాకా ఉంటుంది. ఆ తేడా అవసరమయ్యేది ఎప్పుడో ఓసారే, అవసరమైన రోజున మాత్రం ప్రాణం దాని మీదే ఉంటుంది. బరువు చూస్తే, హోండా షైన్ 125 కూడా స్ప్లెండర్ కంటే ఏమంత ఎక్కువ ఉండదు. నా ఓటు 125కే.

మైలేజీ అంటారా, లెక్క వేద్దాం. పోనూ రానూ 40 కిలోమీటర్లు అనుకోండి, నెలకి ఇరవై అయిదు రోజులు, 1000 కిలోమీటర్లు. కంపెనీవాళ్లు చెప్పే అంకెలు పరీక్షలో వచ్చేవి, మన ట్రాఫిక్కులో అంత రావు. నూరు సీసీ లీటరుకి 65, 125 బండి 55 ఇచ్చాయనుకుందాం. నెలకి పదిహేనున్నర లీటర్లకీ పద్దెనిమిది లీటర్ల పైచిలుకుకీ తేడా మూడు లీటర్ల లోపు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా 310 దాటదు. అదే 40 ఇచ్చే పెద్ద బండి అయితే 25 లీటర్లు. నూరు సీసీ బండితో పోలిస్తే నెలకి 1000 రూపాయల పైనే తేడా, అయిదేళ్లకి అరవై వేలు దాటుతుంది. నూరుకీ నూటపాతికకీ మధ్య మైలేజీ కోసం కొట్టుకోవడం అనవసరం. అక్కణ్ణుంచి పైకి పోతేనే జేబుకి తగులుతుంది. 150 సీసీ దాటితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా దాదాపు రెట్టింపవుతుంది, కొత్త బండికి అయిదేళ్లది ఒకేసారి కట్టాలి కాబట్టి అదీ బరువే.

ఏబీఎస్ సంగతేంటంటావా? మంచి ప్రశ్న అడిగావు నాన్నా, రంగు గురించి అడుగుతావేమో అనుకున్నా. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125, ఆ లోపు బళ్లకి ఏబీఎస్ అయినా ఉండాలి, సీబీఎస్ అయినా ఉండాలి. సీబీఎస్ అంటే కాలితో వెనక బ్రేకు తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. మనవాళ్లలో చాలామందికి ముందు బ్రేకంటే భయం, వెనకదే తొక్కుతారు. వాళ్లకి అది మేలే చేస్తుంది. కానీ తడి రోడ్డు మీద గట్టిగా పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా ఆపేది ఏబీఎస్ ఒక్కటే. హీరోలో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌కి ఏబీఎస్ ఉన్న రకం ఉంది. అది నీకు నచ్చితే నేను సంతోషిస్తాను. అది కాకపోతే కనీసం ముందు డిస్కు ఉన్నదే తీసుకో. రెండూ డ్రమ్ములున్న రకం కొన్ని వేలు తక్కువకి వస్తుందని సేల్స్ కుర్రాడు చూపిస్తాడు. ఆ మిగులు వద్దు. ఇసుక లారీలు తిరిగే రోడ్డు మనది. తొలకరి చినుకులు ఆ ఇసుక మీద పడ్డప్పుడు రోడ్డు ఎలా జారుతుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక వెనక సీటు. ఈ మాట మీ కోసం వదినగారూ. వాడు ఒక్కడే పోయేది ఆఫీసుకి. ఆదివారం మిమ్మల్ని కొండకి తీసుకెళ్లేదీ, మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి దించేదీ ఆ బండే. కుర్రాళ్లకి నచ్చే బళ్లలో వెనక సీటు చిన్నగా, ఎత్తుగా, ముందుకి వాలి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా మీరు వాడి వీపు మీదికి జారుతుంటారు. ఒక పక్కకి తిరిగి కూర్చునే మనకి అది ఎక్కడానికే కష్టం. సీటు బల్లపరుపుగా, పొడుగ్గా ఉండాలి. పట్టుకోవడానికి వెనక గట్టి ఇనప పట్టీ ఉండాలి. శారీగార్డు ఉండి తీరాలి.

అది తీసేస్తానంటున్నాడా? ఆ పని మాత్రం చేయకు. లుక్కు పాడవుతుందని కొన్న వారానికే విప్పించుకునేవాళ్లని చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ, పట్టుకోవడానికి ఆధారం, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, ఇవన్నీ 1989 నాటి మోటారు వాహనాల రూల్సులోనే రాసి ఉన్నాయి. ఎన్ని చీర కొంగులు, ఎన్ని చున్నీలు చక్రంలో చుట్టుకుంటే ఆ రూలు పెట్టుంటారో ఆలోచించు. కొంగు చుట్టుకుంటే లాగేది బట్టని కాదు, మనిషిని. చైను కూడా పూర్తిగా కవరున్నదే మంచిది. దుమ్మూ ఇసుకా పడదు, చైన్ కిట్టు ఎక్కువ కాలం వస్తుంది, బట్టా చిక్కుకోదు. సగం కవరే ఉన్న బండి కొంటే చైను తుడిచి ఆయిల్ వేయడం నీ పనే అవుతుంది.

అన్నయ్యగారు సెకండ్‌హ్యాండ్ చూద్దామంటున్నారా? ఇంట్లోంచి వినిపిస్తోంది లెండి. ఆలోచన తప్పు కాదన్నయ్యగారూ, ఒద్దికగా వాడిన బండి దొరికితే అదృష్టమే. కానీ విజయవాడలో ఇప్పుడు పాత బండి కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఒకటుంది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల పేటలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి గుర్తుందా? వాకిళ్లలో ఉన్న బళ్లన్నీ సీటు దాకా మునిగిపోయాయి. పాపం, కొందరికి జీవనాధారమే ఆ బండి. బాగు చేయించుకుని ఇప్పటికీ నడుపుకుంటున్నవాళ్లున్నారు, వాళ్లని అనడం లేదు. నీళ్లలో నానిన సంగతి దాచి, పాలిష్ కొట్టి అమ్మేవాళ్లతోనే భయం.

ఎలా కనిపెట్టాలంటారా? సీటు ఊడదీయించండి. కింద మూలల్లో ఎండిపోయిన ఒండ్రు ఉంటుంది, ఎంత కడిగినా ఎక్కడో ఒక చోట మిగులుతుంది. హెడ్‌లైటు అద్దం లోపల, స్పీడోమీటరు లోపల నీటి గీత పడిందేమో చూడండి. వైర్ల కనెక్టర్లు ఒకటి రెండు విప్పి చూస్తే లోపల పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఇంజనాయిలు డిప్‌స్టిక్కు తీసి చూసినప్పుడు పాలు కలిపిన కాఫీలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బళ్లయితే మరీ జాగ్రత్త. కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక అంతా సెన్సార్లు, ఈసీయూ. నీళ్లు తగిలిన వైరింగు ఇవాళ బాగానే ఉండి, ఏ వానాకాలంలోనో నడిరోడ్డు మీద ఆపేస్తుంది. మనం చూడ్డానికి వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి వెనక్కి వచ్చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడకుండా డబ్బులివ్వకూడదు. వెనక నీలం పొగ వచ్చిందా, ఆయిల్ కాలుతున్నట్టు.

కాగితాల సంగతికొస్తే, బండి మీదున్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోవాలి. ఫైనాన్సు మీద కొన్న బండయితే అప్పు తీరినట్టు ఫైనాన్సు వాళ్ల కాగితం, ఫారం 35 కావాలి. పెండింగు చలానాలు అమ్మేవాడే కట్టాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఊరుకోకుండా, పేరు మారేదాకా మీరే వెంటపడాలి.

కొత్తదే కొంటే మాత్రం ఇప్పుడు కాస్త వెసులుబాటు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. షోరూములో ధర చెప్పినప్పుడు అంకెలన్నీ విడివిడిగా రాసిమ్మనండి. ఎక్స్‌షోరూమ్ ఎంత, లైఫ్ ట్యాక్స్ ఎంత, ఇన్సూరెన్సు ఎంత, మిగతావి ఏంటి అని. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే చేయించుకోవాలని లేదు. బండితో పాటు ఐఎస్ఐ మార్కు హెల్మెట్ ఇవ్వాలని రూలుంది, అడిగి తీసుకోండి. వాయిదాల మీద తీసుకుంటే వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగడం మరిచిపోవద్దు. 80,000 అప్పు, పది శాతం ఫ్లాటు, మూడేళ్లంటే వడ్డీయే 24,000. ప్రతి నెలా అసలు తీరుతున్నా వడ్డీ మొత్తం ఎనభై వేల మీదే పడుతూ ఉంటుంది. నికరంగా అది పద్దెనిమిది శాతం దగ్గరికి చేరుతుంది. బ్యాంకులో తగ్గే బాకీ మీద పదమూడు, పధ్నాలుగు అన్నా అదే నయం.

సీఎన్‌జీ బండా? 2024 జులైలో బజాజ్ వాళ్లు ఫ్రీడమ్ తెచ్చారు, రెండు కిలోల గ్యాసు, రెండు లీటర్ల పెట్రోలు పడతాయి. ఖర్చు తక్కువే. నీ దారిలో సీఎన్‌జీ బంకు ఉండాలి, ఆఫీసు టైములో క్యూ ఉండకూడదు. పైగా దాని సీటు నీకు ఎత్తు. కరెంటు స్కూటరు కూడా మీ సొంతింట్లో ప్లగ్గు ఉంది కాబట్టి పనికి రాకపోదు, ఆ మాట ఇంకోసారి మాట్లాడుకుందాం. గుంతల్లో పెద్ద చక్రం ఇచ్చే నిబ్బరం చిన్న చక్రం ఇవ్వదని మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచుతున్నా.

కొన్నాక ఒకటి గుర్తు పెట్టుకో నాన్నా. మీ నాన్నగారి పాత బండికి రిజర్వు నాబ్ ఉండేది, ఆగిపోతే తిప్పుకుని బంకు దాకా పోయేవారు. ఇంజెక్షన్ బళ్లలో అది లేదు. పెట్రోలు పంపు టాంకులోనే మునిగి ఉంటుంది, ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగంటిన టాంకుతో తిరిగితే పంపుకి చేటు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే పంపు తిరగదు, కిక్కు కొట్టినా లాభం ఉండదు. సెల్ఫు నీరసంగా తిరుగుతున్నప్పుడే బ్యాటరీ చూపించుకో.

ఇంకేం మిగిలింది? టెస్ట్ డ్రైవ్. షోరూము చుట్టూ ఒక వీధి తిప్పి తీసుకురమ్మంటారు, ఒప్పుకోకు. సాయంత్రం ఆరింటికి వెళ్లి, బెంజ్ సర్కిల్ దాకా పోయి వస్తానని అడుగు. లైసెన్సు చూపించి, కావాలంటే వాళ్ల కుర్రాణ్ణి తోడు పంపమను. షైన్ 125, రైడర్, ఎక్స్‌ట్రీమ్, మూడూ ఒకే రోజు, ఒకే రద్దీలో నడుపు. సెకండు గేరులో వదిలి చూడు, క్లచ్ ఎన్నిసార్లు పట్టాల్సి వచ్చిందో నీ చెయ్యే చెబుతుంది. యూటర్ను ఒకసారి తిప్పు, హ్యాండిల్ ఎంత తిరుగుతుందో తెలుస్తుంది. స్టాండు వేసి తియ్యి. హ్యాండిల్ పట్టుకుని వెనక్కి తోసి చూడు.

వదినగారూ, మీరు కూడా వెళ్లండి. వాడి వెనక కూర్చుని ఒక చుట్టు తిరిగి రండి. డ్రస్సు వేసుకుని కాదు, గుడికి వెళ్లేటప్పుడు కట్టుకునే చీరతోనే.